పేనుదువ్వెన

వడగళ్లు కురిసిన తొమ్మిదోరోజు
కాన్సస్‌లో, మెక్‌ఫర్సన్ ఊళ్లో, నాది పదిహేడో ఇల్లు.
ప్రతి ఇంటి వెనకా బూడిదరంగు పెట్టె,
ఏసీల బయటి సగాలు,
అమ్మవారు పోసిన ముఖాల్లా గుంటలు గుంటలుగా.

నా సంచిలో టేపు, సుద్దముక్క, కెమెరా,
ఒక దువ్వెన.
నవ్వకండి, నిజంగా దువ్వెనే.
పెట్టె చుట్టూ ఉండే అల్యూమినియం రేకులు
కాగితం కన్నా పల్చన, అంగుళానికి పద్నాలుగు.
వంగితే గాలి ఆడదు.
పేలు దువ్వినట్టు ఓపిగ్గా పైనుంచి కిందికి దువ్వితే
చాలామట్టుకు మళ్లీ లేచి నిలబడతాయి.
దువ్వితే సరిపోతుంది, అన్నది
మా కంపెనీకి అన్నిటికన్నా ఇష్టమైన వాక్యం.
కొత్త యంత్రం ఆరువేల డాలర్లు, దువ్వడం మూడొందలు.
నా జీతం ఆ రెంటి మధ్య సందులోంచి వస్తుంది.

ఆర్విల్లా ఉన్రూ గారింట్లో
గోడమీద థర్మామీటరు తొంభై ఆరు చూపిస్తోంది.
ఫ్రిజ్ తలుపు బార్లా తీసి, దాని ముందు కుర్చీలో
వాళ్ల అక్క లియోటా, కాళ్లకు తడిగుడ్డ చుట్టుకుని.
"ఐసు అయిపోయింది," అంటూ ఇచ్చిన టీ
చెమటంత వెచ్చగా ఉంది. తాగాను.

పెట్టె చుట్టూ తిరిగాను.
ఉత్తరం వైపు పదకొండు దెబ్బలు. సుద్దతో చుట్టాను.
ఒక్కోటి ఒక్కో లోతు, ఒక్కో చోట.
వడగల్లుకి చేతివాటం ఉండదు.

పడమటి వైపు ముప్పై దాకా.
వరసగా. నడుం ఎత్తులో.
వంగి చూస్తే ప్రతి గుంటలోనూ చిన్న చిన్న పంటిగాట్లు,
నిలువు నాలుగు, అడ్డం నాలుగు.
ఆకాశం ఇంత పొందిగ్గా కొట్టడం
ఇరవైరెండేళ్ల సర్వీసులో నేనెరగను.

నేనేమీ అడగలేదు.
ఆవిడే వంటింటి సొరుగు లాగి
మాంసం మెత్తబరిచే సుత్తి తీసి
తాళంచెవి అప్పగించినట్టు బల్లమీద పెట్టింది.

"అది చచ్చి అప్పటికే మూడు వారాలు.
పాలసీ మొత్తం చదివాను. ముసలితనానికి ఇవ్వరట.
పిడుక్కి ఇస్తారు, వడగళ్లకి ఇస్తారు.
ఆ రాత్రి వీధి వీధంతా దబదబా పడుతుంటే
కిటికీ దగ్గర నించుని మొక్కుకున్నాను,
మా ఇంటిమీద కూడా పడాలని.
పక్కింటి క్లాసెన్ వాళ్ల ఎల్మ్ చెట్టు
మా పెరటికి గొడుగు పట్టింది.
వాళ్ల పైకప్పు పోయింది, కారు అద్దాలు పోయాయి.
అన్నీ కొత్తవి వస్తున్నాయి వాళ్లకి.
మాకేం కాలేదు.
తెల్లారాక మిగతాది నేనే పూర్తిచేశాను."

కాసేపాగి,
"ఎన్ని దెబ్బలో కూడా రాయాలా?"

"ముప్పై నాలుగు," ఫ్రిజ్ ముందునుంచి లియోటా,
"నేను లెక్కపెట్టాను."

ఫారంలో 'కారణం' అన్న గడి అంగుళం వెడల్పు.
ఎల్మ్ చెట్టు అందులో పట్టదు.
ఉత్తరం: వడగళ్లు, పదకొండు, దువ్వితే సరిపోతుంది.
మూడొందలు.
ఏ నష్టంలోనైనా మొదటి రెండువేలు ఇంటివాళ్లే పెట్టుకోవాలి.
కాబట్టి సున్నా.
పడమటి ఫొటోలు తీశాను, జతచేయలేదు.
దయ అనుకోకండి.
సున్నా కోసం ఎవరి మోసాన్నీ ఎవరూ తవ్వరు,
నాకు ఇంకా తొమ్మిది ఇళ్లున్నాయి.

అయినా వెళ్లబోతూ, ఎందుకో,
గడ్డిలో మోకాళ్లమీద కూర్చుని
ఉత్తరం వైపు దువ్వడం మొదలుపెట్టాను.
శవానికి తల దువ్వినట్టుంది.
పదకొండూ పోయేదాకా దువ్వాను.
కిటికీలోంచి లియోటా చూస్తూనే ఉంది,
ఈసారి కూడా లెక్కపెడుతూ కాబోలు.

ఆ రాత్రి మోటెల్ గదిలో ఏసీ గుర్రుపెడుతుంటే
లేచి ఆపేశాను,
ఎంతసేపు ఉండగలనో చూద్దామని.

నలభై నిమిషాలు.